చూపును కొలిచే చదువు

ఇంద్రియాలన్నింటిలో కన్ను ప్రధానమని మన పెద్దలు ఏనాడో చెప్పారు. అంత ప్రధానమైన ఇంద్రియాన్ని గురించి మనం చేసే ఆలోచన మాత్రం బహు స్వల్పం. పన్ను సలిపితే తెలుస్తుంది. కాలు బెణికితే తెలుస్తుంది. చూపు మెల్లమెల్లగా తగ్గితే చాలామందికి తెలియదు. చిన్ననాటినుండి మసకగా చూసే పిల్లవాడు లోకమే మసకగా ఉంటుందని నమ్ముతాడు. అందరూ తనవలెనే చూస్తున్నారనుకుంటాడు. నల్లబల్లమీది అక్షరాలు కానరాక, పక్కవాని పుస్తకంలోనికి తొంగిచూస్తూ, ఉపాధ్యాయుని దృష్టిలో మందబుద్ధిగా మిగిలిపోయిన పిల్లలు మన బడులలో ఎందరో ఉన్నారు. వారిలో పెక్కుమందికి లోపించినది బుద్ధి కాదు, ఒక జత కళ్ళద్దాలు. ఆ లోపాన్ని కనిపెట్టి, కొలిచి, సరిదిద్దే శాస్త్రమే ఆప్టోమెట్రీ. దృష్టిని కొలిచే శాస్త్రం కనుక దీనిని తెలుగులో దృష్టిమితి అని చెప్పుకోవచ్చు.

కంటికి సంబంధించిన వృత్తులు ముఖ్యంగా మూడు. ఈ మూడింటినీ ఒకటిగా భావించడం పరిపాటి. నేత్రవైద్యుడు ఎం.బి.బి.ఎస్. పూర్తిచేసి, ఆ తరువాత నేత్రవైద్యంలో ప్రత్యేక విద్యను అభ్యసించినవాడు. శస్త్రచికిత్స చేసే అధికారం ఆయనదే. ఆప్టీషియన్ కళ్ళద్దాలను చీటీలో రాసిన కొలతల ప్రకారం అమర్చి ఇచ్చే నిపుణుడు. ఈ ఇద్దరి నడుమ నిలిచేవాడు ఆప్టోమెట్రిస్టు. చూపును పరీక్షించడం, దోషాన్ని లెక్కగట్టడం, అద్దాలనో కాంటాక్ట్ లెన్సులనో నిర్ణయించడం, కంటిలో వ్యాధి లక్షణాలు కనిపిస్తే ఆలస్యం చేయక వైద్యుని వద్దకు పంపడం అతని విధులు. కంటి సంరక్షణకు అతడు తొలి వాకిలి వంటివాడు. ఆ వాకిలి మూసి ఉంటే లోపల ఎంతటి వైద్యుడున్నా రోగికి అందడు.

ఈ వృత్తి అవసరం ఎంతటిదో కొన్ని అంకెలు చెబుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దృష్టిపై వెలువరించిన నివేదిక ప్రకారం, ప్రపంచంలో కనీసం 220 కోట్లమందికి ఏదో ఒక దృష్టిలోపం ఉంది. వారిలో కనీసం 100 కోట్లమంది లోపం నివారించదగినదో, ఇంకా సరిదిద్దకుండా వదిలివేసినదో. నలభై ఏళ్ళు దాటగానే దగ్గరి వస్తువులు స్పష్టంగా కనిపించకపోవడాన్ని మనం చత్వారం అంటాము. అది వ్యాధి కాదు, వయసు తెచ్చే మార్పు. అయినా సూదిలో దారం ఎక్కించే దర్జీకి, పోచంపల్లిలో పోగులు అతికే నేతగానికి, బియ్యంలో రాళ్ళు ఏరే గృహిణికి అది పనిని దూరం చేసే కష్టమే. అస్సాం తేయాకు తోటలలో నలభై ఏళ్ళు దాటిన కార్మికులపై జరిగిన ఒక పరిశోధన ఫలితాలు 2018లో వెలువడ్డాయి. దగ్గరి చూపు అద్దాలు పొందినవారు, పొందనివారికంటె దాదాపు 22 శాతం అధికంగా ఆకు కోయగలిగారని అందులో తేలింది. స్వల్పమైన వెలగల అద్దాలు కుటుంబ ఆదాయాన్ని మార్చగలవనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

ఈ చదువులో ప్రవేశించదలచినవారు ఇంటర్మీడియట్‌లో ఏమి నేర్వాలి? భౌతిక, రసాయన శాస్త్రాలతోపాటు గణితమో జీవశాస్త్రమో చదివినవారికి పెక్కు కళాశాలలు ప్రవేశం కల్పిస్తాయి. ఈ శాస్త్రాలు ఒక్కొక్కటి కంటి దగ్గరకు ఎలా చేరుతాయో తెలిసికొంటే, పాఠ్యపుస్తకం పరీక్షకోసం చదివే భారంగా తోచదు.

మొదట భౌతికశాస్త్రాన్ని తీసుకొందాము. మన కంటికి కాంతిని వంచే శక్తి మొత్తంమీద సుమారు 60 డయాప్టర్లు. అందులో మూడింట రెండు వంతులు ముందున్న పారదర్శకమైన కార్నియాది, మిగిలినది లోపలి కటకానిది. పెద్దవారి కంటి పొడవు సుమారు 24 మిల్లీమీటర్లు. ఈ పొడవు ఒక్క మిల్లీమీటరు పెరిగితే కాంతి రెటీనాపై కాక దానికి ముందే కేంద్రీకృతమై, రెండున్నర నుండి మూడు డయాప్టర్ల హ్రస్వదృష్టి ఏర్పడుతుంది. ఒక బాలుడు 50 సెంటీమీటర్ల దూరం దాటిన వస్తువును స్పష్టంగా చూడలేడనుకొందాము. మీటర్లలో చెప్పిన దూరంతో ఒకటిని భాగిస్తే వచ్చేది డయాప్టర్లు. ఒకటిని అరతో భాగిస్తే రెండు. అతనికి రెండు డయాప్టర్ల పుటాకార కటకం కావాలి. మీరు తరగతిలో చేసిన కటకాల లెక్క ఇక్కడ ఒక బాలుని ముందు నల్లబల్లను తెరిచింది.

గణితానికీ ఇక్కడ చోటుంది. ఆసుపత్రి గోడమీద వేలాడే అక్షరాల పటాన్ని 1862లో స్నెల్లెన్ అనే డచ్చి నేత్రవైద్యుడు రూపొందించాడు. ఆ అక్షరాల పరిమాణం యాదృచ్ఛికం కాదు. ఆరు మీటర్ల దూరంలో నిలిచినవానికి చివరి వరుసలలోని ఒక అక్షరం కంటివద్ద అయిదు నిమిషాల కోణం చేయాలి. డిగ్రీలో అరవయ్యో వంతు ఒక నిమిషమని మీకు తెలుసు. త్రికోణమితితో లెక్కవేస్తే ఆ అక్షరం ఎత్తు సుమారు 8.7 మిల్లీమీటర్లు వస్తుంది. దానిని చదవగలిగినవాని చూపును 6/6 అని రాస్తారు. సాధారణమైన కన్ను అరవై మీటర్లనుండి చదవగలిగే పెద్ద అక్షరాన్ని ఆరు మీటర్లకు వచ్చిగాని చదవలేనివాని చూపు 6/60.

జీవశాస్త్రం చెప్పే సంగతి మరింత గంభీరమైనది. శరీరంలోని సన్నని రక్తనాళాలను కోత లేకుండా నేరుగా చూడగలిగే చోటు కన్నే. మధుమేహం, అధిక రక్తపోటు చేసే హాని రెటీనాపై కనిపిస్తుంది. నీటికాసుల వ్యాధి నొప్పి లేకుండానే చూపును అంచులనుండి హరిస్తుంది. పోయిన చూపు తిరిగి రాదు. పసితనంలో ఒక కంటి చూపు మందగిస్తే మెదడు ఆ కంటిని ఉపయోగించడం మానివేస్తుంది. దీనిని సోమరికన్ను అంటారు. చిన్న వయసులోనే గుర్తించి అద్దాలిచ్చి, బాగున్న కంటికి కొంతకాలం పట్టీ వేసి, బలహీనమైన కంటిచేత పని చేయిస్తే చూపు చాలావరకు తేరుకొంటుంది. వయసు పెరిగేకొద్దీ ఆ అవకాశం సన్నగిల్లుతుంది. కనుక ఒక పరీక్షను సకాలంలో చేయడమో చేయకపోవడమో ఒక బిడ్డ జీవితకాలపు చూపును నిర్ణయిస్తుంది.

రసాయనశాస్త్రం లేకుండా కాంటాక్ట్ లెన్సు పదార్థం అర్థం కాదు. కార్నియాలో రక్తనాళాలు లేవు. దానికి కావలసిన ప్రాణవాయువు అధికభాగం గాలినుండే అందాలి. గాలిని సాగనివ్వని లెన్సును రాత్రింబవళ్ళు ధరిస్తే కంటికి కీడు కలుగుతుంది. ఏ పదార్థం ప్రాణవాయువును ఎంత సాగనిస్తుందో తెలిసినవాడే లెన్సును సరిగా నిర్ణయించగలడు.

ఇక భాష. విజ్ఞానశాస్త్ర విద్యార్థులు తెలుగును మార్కులకోసం మాత్రమే చదువుతారన్న నింద ఒకటి ఉంది. ఈ వృత్తిలో భాష ఒక పరికరం. ఒక కటకం పెట్టి, మరొకటి మార్చి, “ఇందులో బాగుందా, అందులో బాగుందా?” అని అడగడంతోనే పరీక్ష సాగుతుంది. భయపడిన వృద్ధురాలు ఏది అడిగినా బాగుందనే అంటుంది. అక్షరం రాని రైతుకు అక్షరాల పటం పనికిరాదు. నలువైపులా తిరిగిన గుర్తులు చూపి, వాటి చేతులు ఎటున్నాయో చేతితో చూపించమనాలి. శుక్లం అంటే ఏమిటో, నీటికాసులకు మందు ఏ పూటా ఎందుకు మానరాదో పామరునికి తెలిసే మాటలలో చెప్పలేనివాడు, ఎన్ని సూత్రాలు వల్లించినా మంచి పరీక్షకుడు కాలేడు.

మాట రాని పసిపిల్లల సంగతి ఏమిటన్న సందేహం మీకు కలగవచ్చు. అందుకు రెటినోస్కోపు అనే చిన్న పరికరం ఉంది. చీకటి గదిలో కంటిలోనికి సన్నని కాంతిరేఖను పంపి, దానిని అటూఇటూ కదిపితే, రెటీనానుండి తిరిగివచ్చే వెలుగు కూడా కదులుతుంది. ఆ కదలిక ఆగేవరకు కటకాలను మార్చాలి. పరీక్షకుడు సుమారు 67 సెంటీమీటర్ల దూరంలో కూర్చుంటే, ఆ దూరానికి సరిపడే ఒకటిన్నర డయాప్టర్లను తీసివేస్తే కంటి దోషం తేలుతుంది. రోగి ఒక్క మాట చెప్పకుండానే అతని చూపు లెక్కకు అందుతుంది. ఈ నేర్పు పుస్తకంలో దొరకదు. వందల కళ్ళను చూసిన చేతికే అది పట్టుబడుతుంది.

మన దేశంలో ఈ విద్యకు మంచి చరిత్రే ఉంది. చెన్నైలో శంకర నేత్రాలయం ఆధ్వర్యంలో ఎలీట్ స్కూల్ ఆఫ్ ఆప్టోమెట్రీ 1985లో ఆరంభమైంది. హైదరాబాదులో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు స్థాపించిన నేత్ర వైద్య సంస్థ 1987లో సేవలు మొదలుపెట్టింది. దానికి స్థలమూ ధనమూ ఇచ్చిన ప్రఖ్యాత చలనచిత్ర దర్శకుడు ఎల్.వి. ప్రసాద్ పేరనే ఆ సంస్థ వెలసింది. అక్కడా ఆప్టోమెట్రీ బోధన సాగుతోంది. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ ప్రవేశ పరీక్ష ద్వారా విద్యార్థులను ఎంపిక చేస్తుంది. తెలంగాణలో 2018లోను, తిరిగి 2023లోను జరిగిన కంటివెలుగు శిబిరాలలో, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో అదే పేరుతో మొదలైన కార్యక్రమంలో ఆప్టోమెట్రిస్టులు ఊరూరా చూపును పరీక్షించారు. 2021లో పార్లమెంటు ఆమోదించిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ సంఘ చట్టం ఈ వృత్తిని తన పరిధిలోనికి తెచ్చి, విద్యా ప్రమాణాలకు, వృత్తి నమోదుకు మార్గం వేసింది.

పట్టం చదువు సాధారణంగా నాలుగేళ్ళు. మొదటి మూడేళ్ళు తరగతి, ప్రయోగశాల, ఆసుపత్రి. నాలుగో ఏడు పూర్తిగా రోగుల నడుమ శిక్షణ. తక్కువ కాలంలో ముగిసే డిప్లొమాలూ ఉన్నాయి. వాటివల్ల కలిగే అర్హత వేరు. పట్టంతో సమానం కాదు. కళాశాలను ఎంచుకొనే ముందు ప్రకటనల రంగులు చూడక, నాలుగు ప్రశ్నలు వేయాలి. విశ్వవిద్యాలయ గుర్తింపు ఉన్నదా? సొంత కంటి ఆసుపత్రి ఉన్నదా? ఒక్కొక్క విద్యార్థి తన చేతులతో ఎందరు రోగులను పరీక్షిస్తాడు? పాత విద్యార్థులు నేడు ఎక్కడ పనిచేస్తున్నారు? చివరి రెండు ప్రశ్నలకు సూటిగా జవాబు రాకపోతే, ఆ మౌనమే జవాబు. ప్రవేశ నియమాలు మారుతుంటాయి కనుక ఆ ఏటి ప్రకటనను స్వయంగా చదవడం అవసరం.

అమెరికాలో పద్ధతి వేరు. అక్కడ ముందుగా మూడు నాలుగేళ్ళు కళాశాలలో జీవశాస్త్రం, సూక్ష్మజీవశాస్త్రం, కర్బన రసాయనం, భౌతికశాస్త్రం, గణాంకశాస్త్రం, మనస్తత్వశాస్త్రం వంటివి చదివి, ప్రత్యేక ప్రవేశ పరీక్ష రాసి, ఆపైన నాలుగేళ్ళ ఆప్టోమెట్రీ డాక్టరు పట్టానికి చేరాలి. ఆ పరీక్షలో విజ్ఞానశాస్త్రాలతోపాటు గణిత వివేచనను, చదివి అవగాహన చేసికొనే శక్తిని కూడా పరిశీలిస్తారు. ప్రవేశం కోరేవారు ముందే ఒక ఆప్టోమెట్రిస్టు వద్ద కొంతకాలం ఉండి, ఆ పనిని దగ్గరనుండి గమనించాలని పెక్కు విద్యాలయాలు ఆశిస్తాయి. మన దేశపు పట్టం ఒక్కటే అక్కడ వృత్తికి చాలదు. అక్కడ స్థిరపడదలచినవారు ఈ సంగతిని ముందే తెలిసికోవాలి. ఆ పరిశీలనా నియమం మాత్రం మనకూ అనుసరణీయమే. సెలవులలో నాలుగు రోజులు సమీపంలోని కంటి ఆసుపత్రిలో అనుమతి పొంది కూర్చుంటే, ఈ పని తనకు సరిపడుతుందో లేదో విద్యార్థికే తెలుస్తుంది.

ఒక మాట నిర్మొగమాటంగా చెప్పుకోవాలి. వైద్య కళాశాలలో సీటు రాక, మరో దారి లేక ఈ చదువుకు వచ్చేవారు ఉన్నారు. కళ్ళద్దాల దుకాణం చదువని చులకన చేసే బంధువులూ ఉన్నారు. తొలినాళ్ళలో జీతం పెద్దదిగా ఉండకపోవచ్చు. శస్త్రచికిత్స చేసే వైద్యునికి దక్కే కీర్తీ దక్కదు. మిగిలిపోయిన సీటుగా భావించి చేరినవాడు నాలుగేళ్ళూ తన ఓటమినే తలచుకొంటూ గడుపుతాడు. అతని ఎదుట కూర్చున్న రోగికి అందవలసిన శ్రద్ధ అందదు. ఇష్టపడి చేరినవానికి విస్తృతమైన రంగం ఎదురవుతుంది. పసిపిల్లల చూపు, కాంటాక్ట్ లెన్సులు, చూపు బాగా తగ్గినవారికి ప్రత్యేక సాధనాలు, బోధన, పరిశోధన వంటి శాఖలు ఎన్నో ఉన్నాయి. పల్లెలలో దృష్టి కేంద్రం నడపడమూ వాటిలో ఒకటి.

చూపు పోయినవానికి చూపు తెప్పించడం అరుదైన ఘనకార్యం. చూపు ఉండీ చూడలేనివానికి స్పష్టతనివ్వడం నిత్యం జరగవలసిన పని. ఆ రెండవ పనికి తగినంతమంది లేకపోవడంవల్లనే ఎందరో పిల్లలు చివరి వరుసలో, ఎందరో కార్మికులు పనికి దూరంగా మిగిలిపోతున్నారు. ఓర్పు, లెక్కలో కచ్చితత్వం, ఎదుటివాని మాటను వినే గుణం గల విద్యార్థికి ఆ పని ఎదురుచూస్తోంది.