ప్రమాదకర వాతావరణంలో తపాలా బట్వాడా: విధికి హద్దు ఎక్కడ?

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• పనికి సంబంధించి 'ప్రమాదకర వాతావరణం' అంటే ఏమిటో వివరించగలుగుతారు.
• తపాలా ఆలస్యం గురించి చట్టాలు ఏం చెప్పాయో, ఉద్యోగి భద్రత గురించి ఏం చెప్పాయో పోల్చగలుగుతారు.
• బట్వాడా ఆపాలన్న వాదాన్ని, ఆపకూడదన్న వాదాన్ని బేరీజు వేసి మీ అభిప్రాయాన్ని కారణాలతో చెప్పగలుగుతారు.

1. పరిచయం

మీకు వచ్చే ఉత్తరం మీద ఆరంకెల పిన్ కోడ్ ఉంటుంది. ఉప్పల్‌కు 500039, నాచారానికి 500076. 1972 ఆగస్టు 15న మొదలైన ఈ విధానం ఉత్తరాన్ని సరైన తపాలా కార్యాలయానికి చేరుస్తుంది. అక్కడి దాకా రైలు, విమానం, వ్యాను మోస్తాయి. అక్కడి నుంచి మీ గుమ్మం దాకా మోసేది మనిషి. ఆ చివరి కొద్ది కిలోమీటర్లూ ఆరుబయటే సాగుతాయి.

ఒక సందర్భాన్ని ఊహించండి. ఉప్పల్, నాచారం ప్రాంతంలోని జవహర్‌నగర్ బీట్‌కు ఒక పోస్ట్‌మ్యాన్ బయలుదేరారు. జూలై నెల, మధ్యాహ్నం. సంచిలో స్పీడ్ పోస్టులు, ఒక బ్యాంకు కార్డు, ఒక కోర్టు నోటీసు, ఒక మందుల పార్సెల్ ఉన్నాయి. సగం బీట్ పూర్తయ్యేసరికి కుండపోత మొదలైంది. అరగంటలో వీధిలో మోకాలి లోతు నీళ్లు. నాలా ఎక్కడ మొదలవుతుందో, మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో కనిపించదు. పక్కనే కరెంటు స్తంభం నీళ్లలో నిలబడి ఉంది. ఇంకా ఇరవై ఇళ్లు మిగిలాయి.

ఆయన ముందుకు వెళ్లాలా, ఆగాలా? ఆగితే అది జాగ్రత్త అవుతుందా, విధిలో నిర్లక్ష్యం అవుతుందా? ఈ ప్రశ్నకు జవాబు ఆయన ధైర్యం మీద కన్నా, ఆయన చుట్టూ ఉన్న నిబంధనల మీద ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. ఆ నిబంధనలను పరిశీలించడమే ఈ పాఠం ఉద్దేశం.

2. ప్రమాదకర వాతావరణం అంటే ఏమిటి?

వాన పడినంత మాత్రాన ప్రమాదం కాదు. గొడుగు, రెయిన్‌కోటు ఉంటే చాలా పనులు సాగుతాయి. అసౌకర్యానికీ ప్రమాదానికీ మధ్య గీత గీయాలంటే కొలతలు కావాలి. భారత వాతావరణ శాఖ ఈ కొలతలను ఇస్తోంది.

వర్షం: 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం. 115.6 మిల్లీమీటర్ల నుంచి అతి భారీ వర్షం. 204.4 మిల్లీమీటర్లు దాటితే అత్యంత భారీ వర్షం.

ఎండ: మైదాన ప్రాంతాల్లో గరిష్ఠ ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్‌కు చేరి, సాధారణం కన్నా కనీసం 4.5 డిగ్రీలు ఎక్కువగా ఉంటే వడగాలి. 45 డిగ్రీలకు చేరితే సాధారణంతో పోల్చకుండానే వడగాలిగా పరిగణిస్తారు.

హెచ్చరికలు: ఆకుపచ్చ అంటే చర్య అవసరం లేదు. పసుపు అంటే గమనిస్తూ ఉండాలి. నారింజ అంటే సిద్ధంగా ఉండాలి. ఎరుపు అంటే వెంటనే చర్య తీసుకోవాలి.

ఈ అంకెలు మన అనుభవంలో ఎలా ఉంటాయో చూద్దాం. 2020 అక్టోబర్ 13న ఉప్పల్‌కు తూర్పున, వరంగల్ రహదారిపై ఉన్న ఘట్‌కేసర్ ప్రాంతంలో 30 సెంటీమీటర్లకు పైగా వర్షం కురిసింది. అంటే 300 మిల్లీమీటర్ల పైమాటే. 'అత్యంత భారీ' అనడానికి కావలసిన కొలత కన్నా ఇది దాదాపు ఒకటిన్నర రెట్లు. హైదరాబాద్ తూర్పు భాగంలో ఎన్నో కాలనీలు నీట మునిగాయి. రాష్ట్రంలో పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి.

ఎండ ఇంత హడావిడి చేయదు. శరీరం చెమట ద్వారా వేడిని వదిలించుకుంటుంది. గాలిలో తేమ పెరిగితే చెమట ఆరదు, వేడి లోపలే నిలుస్తుంది. శరీర ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి, మనిషి తికమకపడి, స్పృహ తప్పితే అది వడదెబ్బ. బరువు మోస్తూ నడిచేవారికి, సైకిల్ తొక్కేవారికి ఈ స్థితి త్వరగా వస్తుంది. 2015 మే నెల వడగాలులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో వెయ్యికి పైగా మంది మరణించారు. 2025లో తెలంగాణ ప్రభుత్వం వడగాలిని రాష్ట్ర స్థాయి విపత్తుగా ప్రకటించి, మృతుల కుటుంబాలకు ఇచ్చే సహాయాన్ని 4 లక్షల రూపాయలకు పెంచింది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. హెచ్చరిక జిల్లాకు వస్తుంది, ప్రమాదం వీధికి వస్తుంది. ఒకే నారింజ రంగు హెచ్చరిక కింద ఎత్తుమీది వీధి క్షేమంగా ఉండవచ్చు, చెరువు కిందనో నాలా పక్కనో ఉన్న వీధి మునిగిపోవచ్చు. ఆ తేడా బీట్ మీద రోజూ తిరిగే మనిషికే బాగా తెలుస్తుంది.

3. చట్టం ఏమంటోంది?

3.1 ఆలస్యం గురించి

1898 నాటి భారత తపాలా చట్టం 125 ఏళ్లు అమలులో ఉంది. దాని 6వ సెక్షన్ ప్రకారం ఉత్తరం పోయినా, తప్పుగా చేరినా, ఆలస్యమైనా, పాడైనా ప్రభుత్వానికి సాధారణంగా బాధ్యత లేదు. ఉద్యోగికి కూడా ఈ రక్షణ ఉంది, కానీ ఒక షరతుతో: మోసంతోగానీ, కావాలని చేసిన పనితోగానీ అది జరిగి ఉండకూడదు.

అదే చట్టం 49వ సెక్షన్, ఉత్తరాలు మోసే ఉద్యోగి దారిలో కాలయాపన చేసినా, ఆలస్యం చేసినా 50 రూపాయల దాకా జరిమానా విధించవచ్చని చెప్పింది. అనుమతిగానీ, నెల రోజుల ముందస్తు నోటీసుగానీ లేకుండా విధి నుంచి తప్పుకుంటే నెల రోజుల దాకా జైలు శిక్షకు 50వ సెక్షన్ వీలు కల్పించింది.

ఇప్పుడు మన పోస్ట్‌మ్యాన్ సందర్భానికి రండి. ఆయన ఒక దుకాణం చూరు కింద గంటసేపు ఆగారనుకోండి. ఆగింది ఆయన ఇష్టంతోనే. మరి అది 'కావాలని చేసిన ఆలస్యం' అవుతుందా? ఈ సెక్షన్లు ఆ తేడాను విడమరచి చెప్పలేదు. సంస్థకు మాత్రం ఆలస్యం మన్నింపు పొందిన విషయం. మోసే మనిషికి అదే ఆలస్యం శిక్షార్హమైన విషయం కాగలిగేది. ఈ పాఠంలో మీరు ముఖ్యంగా గుర్తుంచుకోవలసిన అసమానత ఇదే.

2023 నాటి తపాలా కార్యాలయ చట్టం 2024 జూన్ 18 నుంచి అమలులోకి వచ్చి పాత చట్టాన్ని రద్దు చేసింది. పాత శిక్షల సెక్షన్లు ఇందులో లేవు. బాధ్యత నుంచి సంస్థకు మినహాయింపు మాత్రం 10వ సెక్షన్‌లో కొనసాగింది. ఉద్యోగి విషయంలో ఇప్పుడు మిగిలింది శాఖాపరమైన క్రమశిక్షణ. అనుమతి లేకుండా విధికి రాని రోజును 'డైస్ నాన్'గా లెక్కించవచ్చు. అంటే ఆ రోజుకు జీతం ఉండదు, సర్వీసులోనూ ఆ రోజు లెక్కకు రాదు.

3.2 భద్రత గురించి

రాజ్యాంగం 21వ అధికరణం జీవించే హక్కును ఇచ్చింది. 42వ అధికరణం న్యాయమైన, మానవీయమైన పని పరిస్థితులు కల్పించాలని రాజ్యానికి నిర్దేశించింది. అయితే 42వ అధికరణం ఆదేశిక సూత్రం కాబట్టి దాని ఆధారంగా నేరుగా కోర్టుకు వెళ్లలేం.

2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమలులోకి వచ్చింది. ప్రాణాపాయం ముంచుకొస్తోందని ఉద్యోగికి సహేతుకంగా అనిపిస్తే యజమానికీ, తనిఖీ అధికారికీ తెలియజేయవచ్చని దాని 14వ సెక్షన్ చెబుతోంది. ఇది తెలియజేసే హక్కు. పని ఆపే హక్కు అని ఆ సెక్షన్ చెప్పదు. పైగా కాంట్రాక్టు కార్మికులను మినహాయిస్తే కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల కార్యాలయాలకు ఈ కోడ్ వర్తించదు.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1981లో ఆమోదించిన 155వ ఒడంబడిక ఒక అడుగు ముందుకు వేసింది. తీవ్రమైన ప్రమాదం తక్షణం ఉందని నమ్మడానికి తగిన కారణంతో పని నుంచి పక్కకు తప్పుకున్న కార్మికుడిపై అన్యాయమైన చర్యలు ఉండరాదని 13వ అధికరణంలో పేర్కొంది. 2022లో ఈ ఒడంబడికను ఆ సంస్థ ప్రాథమిక ఒడంబడికల్లో చేర్చింది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
'తెలియజేసే హక్కు'కూ 'పని ఆపే హక్కు'కూ తేడా ఏమిటి? మూడు నాలుగు వాక్యాల్లో రాయండి.

4. రెండు వైపుల వాదనలు

4.1 బట్వాడా ఆగకూడదనే వాదం

దీన్ని తేలికగా తీసివేయకూడదు. సంచిలో ఉన్నది కాగితమే కావచ్చు, కానీ ఆ కాగితం కోసం ఎదురుచూసే మనిషి ఉంటారు. ఇంటర్వ్యూ పిలుపు ఒక రోజు ఆలస్యమైతే ఉద్యోగం పోవచ్చు. మందులు ఆలస్యమైతే ఆరోగ్యం దెబ్బతింటుంది. పల్లెల్లో పింఛను సొమ్ము చాలామంది వృద్ధులకు తపాలా కార్యాలయం ద్వారానే అందుతోంది. దూరవిద్యను ఒకప్పుడు కరస్పాండెన్స్ కోర్సులనేవారు. ఉత్తరం మీద ఆధారపడిన చదువు ఎలా ఉంటుందో ఆనాటి విద్యార్థులకు బాగా తెలుసు.

రెండో మాట: నర్సులు, పోలీసులు, విద్యుత్ లైన్‌మెన్‌లు తుఫానులోనూ పని చేస్తారు కదా, పోస్ట్‌మ్యాన్‌కు ప్రత్యేకత ఎందుకు?

4.2 ఆపవలసి ఉంటుందనే వాదం

పై ప్రశ్నకు జవాబు పని స్వభావంలో ఉంది. లైన్‌మ్యాన్ బయటికి వెళ్లేది వాన వల్లే. తెగిన తీగను సరిచేయకపోతే ఇంకొకరి ప్రాణం పోతుంది. పోస్ట్‌మ్యాన్ వెళ్లేది వాన ఉన్నా సరే అని. ఆయన ఒక గంట ఆగితే, చాలా సందర్భాల్లో, ఒక గంట ఆలస్యమే జరుగుతుంది. లైన్‌మ్యాన్‌కు ఆ ప్రమాదానికి తగిన శిక్షణ, పరికరాలు, తోడు ఉండాలన్నది నియమం. పోస్ట్‌మ్యాన్ బీట్‌లో ఒంటరిగా తిరుగుతారు.

ఇక ఆలస్యం వల్ల కలిగే నష్టాన్ని తరవాత ఎంతో కొంత సరిదిద్దవచ్చు. గడువు పొడిగించవచ్చు, మళ్లీ పంపవచ్చు. పోయిన ప్రాణాన్ని తిరిగి తేలేం. తిరిగి తేలేనిదాన్ని సరిదిద్దగలిగేదాని కోసం పణంగా పెట్టమని ఎవరినీ అడగకూడదు.

మన సమాజం ఈ సూత్రాన్ని ఒకచోట ఇప్పటికే ఒప్పుకుంది. తెలుగు రాష్ట్రాల్లో వేసవి రాగానే ఒంటిపూట బడులు మొదలవుతాయి. పాఠాలు ఆగవు, వేళలు మారతాయి. మధ్యాహ్నం ఎండలో పిల్లలు ఉండకూడదని మనం ఒప్పుకున్నాం. అదే ఎండలో ఆ పిల్లల ఇంటికి పార్సెల్ తెచ్చే మనిషి విషయంలో ఆ ఆలోచన మనకు అంత సులువుగా రాదు.

5. ఇతర చోట్ల అనుభవం

అమెరికాలో, న్యూయార్క్ పాత ప్రధాన తపాలా కార్యాలయం భవనం మీద, మంచూ వానా ఎండా చీకటీ తపాలా మోసేవారిని ఆపలేవనే అర్థం వచ్చే వాక్యం చెక్కి ఉంది. ప్రాచీన పర్షియా వార్తాహరుల గురించి గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాసిన మాటలవి. చాలామంది దాన్ని అక్కడి తపాలా సంస్థ అధికారిక నినాదం అనుకుంటారు, కానీ కాదు. ఆ సంస్థే 2019 జనవరి చివర తీవ్రమైన చలిగాలుల సమయంలో మధ్యపశ్చిమ రాష్ట్రాల్లోని అనేక ప్రాంతాల్లో బట్వాడాను నిలిపివేసింది. ఎండ విషయంలో అంత స్పష్టత కనిపించలేదు. 2023 జూన్‌లో, తీవ్రమైన వడగాలుల రోజున, డల్లాస్‌లో ఒక పోస్ట్‌మ్యాన్ బట్వాడా చేస్తూ కుప్పకూలి మరణించారు.

మన ప్రాంతం నుంచి ఎందరో పనికి వెళ్లే యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల వరకు నేరుగా ఎండలో పని చేయించడం నిషేధం. నిర్మాణం లాంటి భారీ పనికే వేళలు మార్చగలిగినప్పుడు బట్వాడాకు మార్చడం అసాధ్యం కాదు.

6. ఆచరణకు ఒక మార్గం

పై చర్చ నుంచి నాలుగు సూత్రాలు తీయవచ్చు.

(అ) నిర్ణయం ముందు సంస్థది. ఎరుపు హెచ్చరిక ఉన్న రోజున బట్వాడా ఆపే నిర్ణయాన్ని కార్యాలయమే ఉదయాన్నే ప్రకటించాలి. అప్పుడు ఆగిన మనిషి సంజాయిషీ చెప్పుకోవలసిన అవసరం ఉండదు.

(ఆ) బీట్‌లో ఉండగా ప్రమాదం ఎదురైతే చివరి మాట మోసే మనిషిది. మూడు గంటల ముందస్తు సూచన కూడా ప్రతి వీధి స్థితినీ చెప్పలేదు. ఆగిన సమయం, స్థలం ఫోన్‌లో నమోదు చేస్తే చాలు. కాలయాపనకూ జాగ్రత్తకూ తేడా ఆ నమోదుతోనే తేలుతుంది. దుర్వినియోగం అవుతుందన్న అభ్యంతరానికి జవాబు కూడా అదే.

(ఇ) ఆగినందుకు జీతం కోత ఉండకూడదు. ఆగితే ఆదాయం పోతుందంటే ఆగే హక్కు కాగితం మీదే మిగులుతుంది. యాప్‌ల ద్వారా ఆహారం, సరుకులు తెచ్చేవారి స్థితి దీనికి ఉదాహరణ. వారిని వానలో వెళ్లమని ఎవరూ ఆదేశించనక్కర్లేదు. చేరవేతకు ఇంత అని లెక్కగట్టే చెల్లింపే ఆ పని చేస్తుంది. అలాగే ఆగిన మర్నాడు సంచి రెట్టింపవుతుంది కాబట్టి ఆ బరువును రెండు మూడు రోజులకు పంచాలి.

(ఈ) ఆగలేనివాటిని వేరు చేయాలి. మందులు, గడువు దగ్గరపడిన పత్రాలు విడిగా గుర్తించి, వాన తగ్గగానే వాహనంలో, ఇద్దరిని పంపి చేర్చాలి. ఎండాకాలంలో ఆపడం కన్నా ఒంటిపూట బడి పద్ధతిలో వేళ మార్చడం మేలు. వాన గంటల్లో తగ్గుతుంది, ఎండ వారాల తరబడి ఉంటుంది.

ఇందులో మీ పాత్ర కూడా ఉంది. ఉత్తరం ఒక రోజు ఆలస్యమైతే ఫిర్యాదు చేసే ముందు నిన్న మీ వీధి ఎలా ఉందో గుర్తు చేసుకోండి. మధ్యాహ్నం తలుపు తట్టిన మనిషికి గ్లాసుడు మంచినీళ్లు ఇవ్వండి. అయితే నీళ్లివ్వడం నిబంధనకు ప్రత్యామ్నాయం కాదని కూడా గుర్తుంచుకోండి.

7. సారాంశం

వాతావరణం ప్రమాదకరమా కాదా అన్నది కొలతలతో నిర్ణయించగల విషయం. తపాలా చట్టం సంస్థను ఆలస్యం బాధ్యత నుంచి 1898 నుంచీ మినహాయిస్తూ వచ్చింది. అదే మన్నింపు ప్రమాదంలో ఆగిన ఉద్యోగికి స్పష్టంగా అందలేదు. పాత శిక్షలు తొలగినా, పని ఆపే హక్కు ఇంకా రాతలోకి రాలేదు. జవహర్‌నగర్ వీధిలో నీళ్ల మధ్య నిలబడిన పోస్ట్‌మ్యాన్ నిర్ణయం ఆయన ధైర్యానికి పరీక్ష కాకూడదు. ఆయన ఆగవచ్చని ముందే చెప్పిన నిబంధన ఉండాలి.

8. మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు సుమారు 30 వాక్యాల్లో సమాధానాలు రాయండి.
1. తపాలా ఆలస్యం విషయంలో సంస్థకూ ఉద్యోగికీ మధ్య చట్టం చూపిన తేడాను చర్చించండి.
2. ప్రమాదకర వాతావరణంలో బట్వాడా కొనసాగించాలా? రెండు వైపుల వాదనలను పరిశీలించి మీ అభిప్రాయం తెలపండి.

II. కింది ప్రశ్నలకు సుమారు 10 వాక్యాల్లో సమాధానాలు రాయండి.
1. భారత వాతావరణ శాఖ రంగుల హెచ్చరికలను వివరించండి.
2. లైన్‌మ్యాన్ పనికీ పోస్ట్‌మ్యాన్ పనికీ ప్రమాదం విషయంలో ఉన్న భేదం ఏమిటి?
3. మీ వీధిలో భారీ వర్షం పడినప్పుడు ప్రమాదకరంగా మారే చోట్లను గుర్తించి, బట్వాడాకు వచ్చేవారికి ఉపయోగపడేలా ఒక సూచనల పట్టిక తయారు చేయండి.