పెన్ను పట్టగానే బిగుసుకునే చెయ్యి

నందికొండ, దేవరకొండ, మిర్యాలగూడల్లో డాక్యుమెంట్ రైటర్ల నుంచి పోటీ పరీక్షల పిల్లల దాకా రాతనే నమ్ముకున్నవాళ్లు ఎందరో. అన్నం కలపడానికీ బొత్తాలు పెట్టుకోవడానికీ చక్కగా పనికొచ్చే చెయ్యి, పెన్ను పట్టగానే బిగుసుకుని మణికట్టు వంకరపోతే అది 'రైటర్స్ క్రాంప్' కావచ్చు. ఇంట్లోవాళ్లు భయమంటారు, బద్ధకమంటారు. వైద్యుల్లోనూ చాలామంది దీన్ని మానసికమనే అనుకునేవారు. 1982లో లండన్‌లో షీహీ, మార్స్‌డెన్ అనే వైద్యులు ఇది డిస్టోనియా అనే నాడీసంబంధ జబ్బని గట్టిగా చెప్పాక ఆ అభిప్రాయం మారుతూ వచ్చింది.

మెదడులో ఒక్కో వేలికి ఒక్కో చోటుంటుంది. 1996లో అమెరికాలో నాన్సీ బిల్, మెర్జెనిక్ బృందం కోతుల చేత ఒకే పట్టును పదేపదే వేగంగా చేయించింది. కొన్నాళ్లకు వాటి చేతి అదుపు తప్పింది. మెదడులో వేళ్ల చోట్లు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. మనుషుల్లో ఎంత రాసినా అందరికీ ఇలా కాదు, పుట్టుకతో వచ్చే గుణమూ కొంత ఉండాలి.

లోపం కండరాల బలంలో కాదు, మెదడులో. కాబట్టి రబ్బరు బంతి నొక్కి బలం పెంచుకుంటే రాత తిరిగిరాదు. మెదడుకు మళ్లీ కొత్తగా నేర్పాలి. లావు పెన్ను తీసుకోవాలి, లేదా చూపుడువేలికీ నడిమివేలికీ మధ్య పట్టాలి. భుజం కదిలేలా పెద్ద అక్షరాలు నెమ్మదిగా రాయాలి. బిగుతు మొదలవగానే ఆపాలి. మొండిగా రాసుకుపోతే పాత తప్పే మళ్లీ ముద్రపడుతుంది.

నన్ను బాగా ఆకట్టుకున్నది 2002 నాటి బ్రెయిలీ ప్రయోగం. ఈ రోగుల్లో స్పర్శను విడదీసి గుర్తించే శక్తి కూడా మందగిస్తుంది. రాసే చేతి వేళ్లతో ఎనిమిది వారాలు బ్రెయిలీ చదివిస్తే ఆ శక్తి పెరిగింది, కొందరి రాతా కొంత కుదుటపడింది. జర్మనీలో కాండియా బృందం ఇదే తరహా జబ్బున్న సంగీతకారుల మంచి వేళ్లను పట్టీతో ఆపి, అదుపు తప్పిన వేలితో సాధన చేయించింది. పియానో, గిటార్ వాయించేవాళ్లకు మేలు కలిగింది, ఊదే వాద్యాలవాళ్లకు కలగలేదు. ఇవన్నీ కొద్దిమందిపై చేసిన ప్రయోగాలే, పూర్తిగా నయమయ్యేవాళ్లు తక్కువ. ముంజేతి కండరాల్లో ఇచ్చే బొటులినం సూదిమందు పట్టు సడలిస్తుంది కానీ, దాని ప్రభావం సుమారు మూడు నెలలే. ఆ సూదికోసం మళ్లీమళ్లీ వెళ్లాలంటే నందికొండ నుంచి హైదరాబాద్ దాదాపు 150 కిలోమీటర్లు. అందుకే నాడీవైద్యుడు జబ్బును నిర్ధారించాక, ఇంట్లో రోజూ చేసే సాధనకే నేను ఎక్కువ విలువిస్తాను.

ఈలోగా పరీక్ష వస్తే? రైటర్స్ క్రాంప్ ఉన్న వికాస్ కుమార్‌కు సివిల్స్‌లో స్క్రైబ్‌ను, అంటే బదులుగా రాసిపెట్టే మనిషిని, నిరాకరిస్తే, 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది. వైకల్యం 40 శాతం లేకపోయినా, రాయలేని ఇబ్బంది ఉన్నట్టు ప్రభుత్వాసుపత్రి ధ్రువపత్రం ఉంటే స్క్రైబ్‌ను కోరేలా కేంద్రం 2022 ఆగస్టులో మార్గదర్శకాలిచ్చింది.