కంప్యూటర్‌కి మంచి మేళం పెట్టుకోవడం ఎలా?



ఈసారి మన గోడపత్రికకి మిడి పాటల గురించి, సౌండ్‌ఫాంట్ల గురించి రాస్తున్నాను. మా ఇంట్లో బడికి వచ్చింది నేనే మొదట. అందుకని నాకు అర్థమైన మాటల్లోనే చెబుతాను. తెలిసినోళ్లు ఇంకా బాగా చెప్పొచ్చు.

మిడి అంటే ఏటి?

మిడి అంటే మ్యూజికల్ ఇన్‌స్ట్రుమెంట్ డిజిటల్ ఇంటర్‌ఫేస్. ఇది 1983లో వచ్చింది. అంతకు ముందు ఒక కంపెనీ కీబోర్డు చెప్పింది ఇంకో కంపెనీ కీబోర్డుకి అర్థమయ్యేది కాదు. అమెరికాలో డేవ్ స్మిత్ గారు, జపాన్‌లో ఇకుటారో కాకెహాషి గారు, ఇంకా కొందరు కలిసి అందరికీ ఒకే భాష పెట్టారు. వాళ్లిద్దరికీ 2013లో టెక్నికల్ గ్రామీ బహుమతి ఇచ్చారు.

మిడి ఫైల్లో అసలు శబ్దమే ఉండదు! ఏ మెట్టు నొక్కాలి, ఎప్పుడు నొక్కాలి, ఎంత గట్టిగా నొక్కాలి, ఎప్పుడు వదలాలి, ఏ వాయిద్యం వాయించాలి అని రాసి ఉంటుంది, అంతే. మెట్లకి 0 నుంచి 127 వరకు నంబర్లు. అందుకే ఎంపీ3 పాట మూడు, నాలుగు ఎంబిలు ఉంటే మిడి పాట కొన్ని కేబీల్లోనే సరిపోతుంది.

మరి శబ్దం ఎక్కడిది?

పెళ్లికి మేళం మాట్లాడుకుంటాం కదా. పాట ఒకటే. చిన్నపిల్లలు రేకులు కొడితే ఒకలా ఉంటాది, పెద్దోళ్లు తుడుం పట్టుకుంటే ఒకలా ఉంటాది. కంప్యూటర్‌కి ఆ మేళమే సౌండ్‌ఫాంట్. నిజమైన వాయిద్యాల శబ్దాలు ముక్కలు ముక్కలుగా రికార్డు చేసి ఒక ఫైల్లో పెడతారు. ఫైల్ పేరు చివర ఎస్ఎఫ్2 అని ఉంటాది. ఈ పద్ధతిని ఈ-ము, క్రియేటివ్ అనే కంపెనీలు 1990ల్లో తెచ్చాయి.

విండోస్‌లో ముందే ఒక మేళం ఉంది. అది సుమారు 3 ఎంబిలే. అంత చిన్నదాంట్లో అన్ని వాయిద్యాలు ఇరికించాలి కదా, అందుకే పల్చగా వినిపిస్తాది. మేము ల్యాబ్‌లో దింసా వరస ఒకటి మిడిగా చేసి పెడితే ఆరో తరగతి చెల్లెళ్లు నవ్వీశారు. "మన పాట ఇంతేనా అక్కా?" అని ఒక చెల్లి అడిగింది. ఆ మాట నాకు గుచ్చుకుంది. పాట బాగానే ఉంది, మేళమే బాగోలేదు.

మేళం మార్చే పద్ధతి

1. మంచి సౌండ్‌ఫాంట్ తెచ్చుకోవాలి. జనరల్‌యూజర్ జీఎస్ సుమారు 30 ఎంబిలు, ఫ్లూయిడ్ ఆర్3 సుమారు 140 ఎంబిలు. రెండూ ఉచితమే. పెన్‌డ్రైవ్‌లో పడతాయి.

2. వర్చువల్ మిడి సింత్ అనే ఉచిత ప్రోగ్రాం ఎక్కించాలి. దీనికి మేస్టారి అనుమతి కావాలి.

3. అందులో సౌండ్‌ఫాంట్ల పేజీ తెరిచి, కూడిక గుర్తు నొక్కి, మన ఫైల్ చూపించి, అప్లై నొక్కాలి.

4. పాట వాయించే ప్రోగ్రాంలో మిడి అవుట్‌పుట్ దగ్గర ఈ సింత్‌ని ఎంచుకోవాలి.

అదే ఫైల్ మళ్లీ పెట్టండి. పాటలో ఒక్క అక్షరం మార్చకపోయినా ఫ్లూటు ఫ్లూటులా, వయొలిన్ వయొలిన్‌లా వినిపిస్తాది.

మనవి ఎక్కడున్నాయి?

1991లో జనరల్ మిడి అని ఒక పట్టిక పెట్టారు. అందులో 128 శబ్దాలు. 105వది సితార్, 112వది షెహనాయి. డ్రమ్ములకి 10వ ఛానల్ వేరే ఉంది, అందులో బోంగోలు, కాంగోలు ఉన్నాయి. నేను వేలు పెట్టి వరసగా చూశాను. తుడుం లేదు. మోరి లేదు. కిరిడి లేదు. జోడుకొమ్ములు లేవు. ఎంత పెద్ద సౌండ్‌ఫాంట్ తెచ్చినా, ఈ పట్టిక ప్రకారం చేసినదైతే మన దింసాకి వేరేవాళ్ల డ్రమ్మే మోగుతాది.

కాని సౌండ్‌ఫాంట్ మనమూ చేసుకోవచ్చు! పాలిఫోన్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. తుడుం మీద మెల్లగా ఒక దెబ్బ, గట్టిగా ఒక దెబ్బ, అంచు మీద ఒకటి, విడివిడిగా రికార్డు చేసి వేవ్ ఫైళ్లుగా అందులో పెట్టాలి. ఏ దెబ్బ ఏ మెట్టుకో చెప్పాలి. మెల్లగా నొక్కితే మెల్లని దెబ్బ, గట్టిగా నొక్కితే గట్టి దెబ్బ వచ్చేలా పెట్టొచ్చు. మోరికి ఒక్క స్వరం చాలదు. ఒకే స్వరాన్ని బాగా పైకి, బాగా కిందికి లాగితే గొంతు మారిపోతాది. అందుకని నాలుగైదు స్వరాలు తీసుకోవాలి.

ఇలా చేసినా ఊదే మనిషి ఊపిరి మొత్తం కంప్యూటర్‌కి రాదు. మా ఊళ్లో మోరి ఊదేది ఇప్పుడు ఒక్క తాతే. ఆయన దగ్గర నేర్చుకునేవాళ్లు కూడా కావాలి. రికార్డు ఉంటే నేర్చుకునేవాళ్లకి సాయం.

కాబట్టి ఈ సెలవులకి ఊరు వెళ్లినప్పుడు ఇంట్లో ఎవరిదైనా ఫోన్ అడిగి, ఒక్కో వాయిద్యం శబ్దం తీసుకురండి. గాలి, కోళ్లు, మాటలు లేని చోట తీయండి. ముందు వాయించే పెద్దల్ని అడగండి, వద్దంటే తీయకండి. ఫైల్ పేరులో ఊరి పేరు, వాయించినవారి పేరు తప్పకుండా రాయండి. వార్డెన్ మేడమ్ గారు ఆదివారం ఒక గంట ల్యాబ్ తెరిపిస్తే అందరం కలిసి చేద్దాం.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని