వాగులో మునిగి నడిచే పిట్ట

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, బౌల్డర్ ఊరికి పడమట, రాకీ పర్వతాల నుంచి దిగే ఒక వాగు ఇరుకైన రాతిలోయలోంచి వస్తుంది. దాని పేరూ బౌల్డరే. దాని వెంట నడిచేవాళ్లు జింకల కోసం కొండవైపే చూస్తుంటారు. నన్నడిగితే నీళ్లవైపు చూడటం మేలు.

గోరువంక కంటే చిన్నది, బూడిదరంగు పిట్ట, రాయిమీద నిలబడి ఆగకుండా గుంజీలు తీస్తుంటుంది. ఉన్నట్టుండి నురగలోకి దిగి మాయమవుతుంది! కంగారుపడకండి. అది డిప్పర్.

నీళ్లలోకి ఎందుకు? అడుగున రాళ్లను అంటిపెట్టుకుని బతికే పురుగుల లార్వాల కోసం. కొన్ని లార్వాలు ఇసుకరేణువులతో గూడు కట్టుకుని దాక్కుంటాయి. డిప్పర్ వాటినీ వదలదు, విదిలించి బయటికి లాగుతుంది.

మరి ఎలా? గట్టి కాళ్లతో రాళ్లను పట్టుకుని నడుస్తుంది, రెక్కలాడిస్తూ ఈదుతుంది. ముక్కురంధ్రాలు పొరతో మూసుకుపోతాయి. తోక మొదట్లోని గ్రంథి నుంచి నూనె తీసి ఈకలకు పూసుకుంటుంది కాబట్టి మంచు కరిగిన నీళ్లయినా ఒంటికి తగలవు. అందుకే వాగు పూర్తిగా గడ్డకట్టనంత వరకు చలికాలంలోనూ అక్కడే ఉండిపోతుంది.

ఆ గుంజీలెందుకో శాస్త్రవేత్తలు ఇంకా తేల్చలేదు. నీటి హోరులో కూత వినబడదు కనుక అది సైగ కావచ్చని ఒక ఊహ.

దీని బంధువు ఒకటి మన హిమాలయాల వాగుల్లోనూ ఉంది. వెతికేటప్పుడు వాగు మధ్య రాళ్లమీద తెల్లటి రెట్ట మరకలున్నాయేమో చూడండి. ఉంటే ఒడ్డున కదలకుండా కూర్చోండి.