తేడా మాత్రమే పంపే ఆర్‌సింక్

కోడు రాసి పరీక్షించే డెవలపరు కంప్యూటరు వేరు, జనం చూసే సైటును నడిపే ప్రొడక్షన్ సర్వరు వేరు. మొదటిదాని మార్పులను రెండోదానికి చేర్చే పనిముట్లలో పాతదై కూడా పదును తగ్గనిది ఆర్‌సింక్. కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకెరాస్ దీన్ని రాసి, 1996 జూన్ 19న ప్రకటించారు.

నెట్ నత్తనడక నడిచే రోజులవి. పెద్ద ఫైలులో ఒక్క వాక్యం మారినా ఫైలంతా మళ్ళీ పంపాల్సి వచ్చేది. మారిన ముక్కే పంపుదామంటే, ఏది మారిందో తెలియాలి. అందుకు పాత ఫైలూ కొత్త ఫైలూ ఒకేచోట ఉండాలి. పాతది సర్వరులో, కొత్తది డెవలపరు దగ్గర. రెంటినీ కలపాలంటే ఫైలంతా పంపడం మళ్ళీ మొదటికొస్తుంది.

ఈ చిక్కు విడిపోయిన తీరు ముచ్చటైనది. సర్వరు తన పాత ఫైలును సమాన ముక్కలుగా, చిన్న ఫైళ్ళయితే 700 బైట్ల చొప్పున, విడగొడుతుంది. ఒక్కో ముక్కకు రెండు చెక్‌సమ్‌లు, అంటే ఆ ముక్కను గుర్తుపట్టే అంకెలు, కడుతుంది: ఒకటి చిటికెలో వచ్చేది, రెండోది శ్రమతో వచ్చినా నమ్మదగినది. ఆ అంకెలే డెవలపరు కంప్యూటరుకు వెళతాయి. అక్కడ కొత్త ఫైలు మీద 700 బైట్ల చట్రం ఒక్కో బైటు చొప్పున జరుగుతూ పోతుంది. జరిగినప్పుడల్లా లెక్క మొదటి నుంచి చేయనక్కర్లేదు. వెనక జారిన బైటును తీసేసి, ముందు చేరినదాన్ని కలిపితే చాలు. తేలిక చెక్‌సమ్ కలిస్తేనే ఆ కంప్యూటరు రెండోదాన్ని చూస్తుంది. అదీ కలిస్తే ఫలానా ముక్క సర్వరులో ఉందని చెప్పి ఊరుకుంటుంది. కలవని బైట్లను మాత్రమే పంపుతుంది. అందుకే ఫైలు మొదట్లో ఒక అక్షరం చేరి మిగతాదంతా పక్కకు జరిగినా పని చెడదు.

సైటుకు వాడేటప్పుడు ప్రమాదమంతా డిలీట్ ఆప్షన్‌తోనే. మూలంలో లేని ఫైళ్ళను అది సర్వరులో తుడిచేస్తుంది. సందర్శకులు అప్‌లోడ్ చేసిన ఫొటోలు డెవలపరు దగ్గర ఉండవు కాబట్టి, ఆ ఫోల్డరును మినహాయించకపోతే అన్నీ పోతాయి.

ఆర్‌సింక్ ఒక్కో ఫైలునూ తాత్కాలిక పేరుతో సిద్ధం చేసి, పూర్తయ్యాకే అసలు పేరు పెడుతుంది. సగం రాసిన ఫైలు ఎవరి కంటా పడదు. సైటు మొత్తానికి మాత్రం ఆ భరోసా లేదు. కొన్ని ఫైళ్ళు కొత్తవి, కొన్ని పాతవిగా ఉండే క్షణాలు తప్పవు. అందుకే కాపిస్ట్రానో వంటి పనిముట్లు ప్రతి విడుదలనూ వేరే ఫోల్డరులో పెట్టి, చివరికి ‘కరెంట్’ అనే లింకును దానివైపు తిప్పుతాయి. తేడా వస్తే లింకును పాత ఫోల్డరుకే మళ్ళిస్తే సరి.

ఫైళ్ళను చేరవేసే పని ఆర్‌సింక్‌దైతే, కోడు చరిత్రను దాచే పని నేడు గిట్‌ది. విచిత్రంగా దాని పుట్టుక వెనకా ట్రిడ్జెల్ ఉన్నారు. 2005లో ఆయన, అప్పట్లో లినక్స్ కోడు చరిత్రను దాచిన బిట్‌కీపర్ పనితీరును విప్పి చూడబోవడంతో, దాని కంపెనీ లినక్స్ డెవలపర్లకు ఉచిత వాడకం ఆపేసింది. దాంతో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ గిట్ రాయడానికి పూనుకున్నారు.

ఏ పద్ధతి వాడినా, డిలీట్‌తో ఆర్‌సింక్ నడిపే ముందు, ఏదీ మార్చకుండా జరగబోయేది మాత్రమే చూపే డ్రై రన్ ఆప్షన్‌తో ఒకసారి నడిపి, పోబోయే ఫైళ్ళ జాబితా చదవాలి.