జీపు వెనుక ఇరుసులోని లెక్క

అనంతపురం పీఠభూమి మీద పాత జీపును ఇష్టముతో బాగుచేయించి నడుపుకొనువారు ఇంకను కలరు. 1952లో సామాజికాభివృద్ధి పథకము ఆరంభమైన తరువాత బ్లాకు అధికారుల బండిగా జీపు పల్లెలకు పరిచయమైనది. ఆ తరువాత బస్సు పోని ఊళ్ళకు మనుషులను, వేరుసెనగ మూటలను చాలకాలము మోసినదియు ఇదే. ఇట్టి బండికి ఇరుసు అరిగిపోయినప్పుడు పాత సామానుల అంగడిలో దొరికిన మరియొక ఇరుసును తెచ్చి బిగింతురు. చూపునకు రెండును ఒకటే, బోల్టులును సరిపోవును. కాని లోపలి పళ్ళ లెక్క వేరైనచో బండి స్వభావమే మారిపోవును. ఒక్కొక్కసారి గేర్లు విరుగును కూడ. ఆ లెక్క యేమో చూతము.

ఇంజను త్రిప్పుట గేరుపెట్టె గుండా ప్రొపెల్లరు షాఫ్టుకు, దాని నుండి వెనుక ఇరుసునకు చేరును. షాఫ్టు చివర పినియన్ అను చిన్న పళ్ళ చక్రము, దానికి అడ్డముగా క్రౌన్ అను పెద్ద పళ్ళ చక్రము ఉండును. పినియనుకు 8 పళ్ళు, క్రౌనుకు 43 పళ్ళు ఉన్నవనుకొందము. షాఫ్టు 43 చుట్లు తిరిగిన గాని బండి చక్రము 8 చుట్లు తిరుగదు. 43ను 8తో భాగించగా 5.375. ఇదియే ఇరుసు నిష్పత్తి. మెకానిక్కులు దీనిని 5.38 అందురు.

40 పళ్ళు పెట్టినచో 5 అను చక్కని సంఖ్య వచ్చెడిది గదా అని విద్యార్థులు అడుగవచ్చును. అప్పుడు పినియనులోని ఒక్కొక్క పన్ను ఎల్లప్పుడును క్రౌనులోని ఆ అయిదు పళ్ళనే తాకుచుండును. ఒక పంటికి దెబ్బ తగిలినచో ఆ అయిదును చెడును. 8కిని 43కును ఒకటి తప్ప వేరు సామాన్య భాజకము లేదు. కనుక ప్రతి పన్నును వంతుల వారీగా అన్ని పళ్ళను కలిసికొనును, అరుగుదల సమముగా పంచబడును. గ.సా.భా. పాఠము చెప్పునప్పుడు ఉపాధ్యాయులకు ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకదని నా అభిప్రాయము.

సైకిలులో దీనికి తలక్రిందులు. ముందు 44 పళ్ళు, వెనుక 18 పళ్ళు ఉన్నచో పెడలు ఒక చుట్టుకు వెనుక చక్రము దాదాపు రెండున్నర చుట్లు తిరుగును. వేగము పెరుగును, బలము తగ్గును. జీపులో వేగము తగ్గును, బలము పెరుగును. రెండింటిని ఒకేసారి పెంచు పళ్ళ చక్రము లేదు.

రెండవ ప్రపంచ యుద్ధములో సైన్యమునకు చేసిన విల్లీస్ జీపు ఇరుసులో 39, 8 పళ్ళు ఉండెను, అనగా 4.875. యుద్ధము ముగిసిన 1945లోనే ఆ సంస్థ రైతుల కొరకు సి.జె.-2ఎ అను జీపును తెచ్చినది. ఇంజను ఇంచుమించు అదే, ఇరుసు మాత్రము 43, 8. నాగలి లాగవలసిన బండికి పరుగుకన్న పట్టు ముఖ్యమని వారు తలచిరి. మన దేశములో మహీంద్రా వారు తయారుచేసిన సి.జె.-3బి జీపులకును 5.38 నిష్పత్తియే వచ్చినది.

ఈ మార్పు వలన కలిగిన లాభ మెంత? ఖాళీ బండి సుమారు వెయ్యి కిలోలు. డ్రైవరుతో పదిమంది ఎక్కిరనుకొందము. మొత్తము 1600 కిలోలు. పన్నెండు అడుగులకు ఒక అడుగు లేచు ఎత్తు మీద బండిని వెనుకకు లాగు బలము 133 కిలోలు. గతుకుల బాటలో చక్రముల దొర్లుడుకు 32, గాలి అడ్డుకు 20 కలుపగా 185. ఆ ఇంజను నిమిషమునకు 2000 చుట్ల వద్ద ఇచ్చు త్రిప్పుబలము సుమారు 14.5 కిలోగ్రాము-మీటర్లు. చక్రపు వ్యాసార్ధము 0.35 మీటరు. రాపిడికి పదవ వంతు తీసివేసినచో, మూడవ గేరులో 5.375 ఇరుసు 200 కిలోల బలముతో బండిని త్రోయును. 4.875 ఇరుసు 182 మాత్రమే. మొదటిది ఎక్కును, రెండవది మూలుగును, డ్రైవరు గేరు మార్చవలెను. హిందూపురము వంటి 600 మీటర్లు దాటిన ఎత్తులలో గాలి పలుచన కనుక ఇంజను బలము ఇంకొక ఆరు పాళ్ళు తగ్గును. అప్పుడు మొదటిదియు అతికష్టము మీద గట్టెక్కును. ఏప్రిల్ ఎండలో అదియు అనుమానమే.

ఇక మూల్యము. చక్రము ఒక చుట్టుకు 2.2 మీటర్లు పోవును. కిలోమీటరుకు ఒక ఇరుసుతో ఇంజను 2443 చుట్లు, మరియొక దానితో 2216 చుట్లు తిరుగును. అనంతపురము నుండి బెంగుళూరు చేరుసరికి ఈ భేదము 45 వేల చుట్లకు మించును. పెట్రోలు, చెవులు రెండును దాని ఫలితము ననుభవించును. గంటకు 80 కిలోమీటర్ల వద్ద 5.375 ఇరుసుతో ఇంజను నిమిషమునకు 3250 చుట్లు దాటి అరచును. దాని గరిష్ఠ శక్తి 4000 చుట్ల వద్దనే కదా! కావున రహదారి మీదనే తిరుగువానికి చిన్న నిష్పత్తి, మట్టిబాటల వానికి పెద్ద నిష్పత్తి తగును. 1964లో అమెరికాలో వెలువడిన పాంటియాక్ జి.టి.ఓ. వంటి బలిష్ఠమైన కార్లను కొనువారు కూడ 3.23, 3.55, 3.90 అను నిష్పత్తులలో తమకు కావలసినది ఎంచుకొనిరి. వారికి బరువుతో పని లేదు. నిలిచిన చోటి నుండి దూకుటయే పందెము. ఇంజను పెద్దది కనుక సంఖ్యలు చిన్నవి.

టైర్ల విషయము చాలమంది మరతురు. 28 అంగుళముల ఎత్తు టైరు తీసి అందము కొరకు 30.5 అంగుళములది వేసినచో 5.375 ఇరుసు 4.93 వలె పనిచేయును. రైతు కొరకు పెంచిన బలమంతయు టైరు తినివేసినట్లే. తరువాత ఇంజను బలము తగ్గినదని కార్బురేటరును విప్పుదురు! స్పీడు ముల్లును అసలు వేగముకన్న తక్కువ చూపును.

అన్నిటికన్న ప్రమాదకరమైనది వెనుక ఇరుసును మాత్రమే మార్చుట. జీపునకు ముందు ఇరుసు కూడ ఇంజనుతో కలియును. రెండింటి నిష్పత్తి ఒకటి గాకపోయినచో, 43, 39ల భేదము వలన నూరు మీటర్లకు ఒక ఇరుసు రెండవదానికన్న సుమారు పది మీటర్లు ఎక్కువ పోజూచును. వెనుక చక్రములతోనే నడుచునంతవరకు ఏమియు తెలియదు. పెన్న ఇసుకలో దిగి నాలుగు చక్రములను కలిపినప్పుడు ఇసుక జారి కొంత సర్దుబాటు చేయును. గట్టెక్కి గట్టి తారురోడ్డు మీదికి వచ్చియు మీట వేయుట మరచినచో చక్రములు జారుటకు వీలులేక షాఫ్టులు మెలిపడును. ట్రాన్స్‌ఫర్ కేసులోని గేర్లు విరుగును.

ఇరుసును విప్పకయే లెక్క తెలిసికొనవచ్చును. బండిని చదునైన నేల మీద నిలిపి, ముందు చక్రములకు రాళ్ళు అడ్డుపెట్టి, గేరు తీసి, చేతి బ్రేకు వదలవలెను. వెనుక చక్రము ఒక్కదానినే జాకీతో లేపి, ఇరుసు క్రింద గట్టి దిమ్మ పెట్టవలెను. కేవలము జాకీని నమ్మి క్రిందికి దూరరాదు. షాఫ్టు మీద సుద్దతో గుర్తు పెట్టుడు. ఒక చక్రము నేలను ఆని కదలకున్నప్పుడు, లేపిన చక్రము రెండు చుట్లకు క్రౌను ఒక్క చుట్టే తిరుగును. కనుక లేపిన చక్రమును చేతితో సరిగా 16 చుట్లు త్రిప్పి, షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగినదో ఒక విద్యార్థిచేత లెక్కపెట్టించుడు. 43 వచ్చినచో రైతు ఇరుసు, 39 వచ్చినచో సైన్యపు ఇరుసు. పిమ్మట ముందు చక్రము నొకదానిని లేపి, ఈసారి వెనుక చక్రములకు రాళ్ళు పెట్టి, ఆ లెక్కయే చూడవలెను.