నచ్చిన రచయిత పుస్తకములు ముగిసిన పిదప

"కొమ్మూరి సాంబశివరావుగారి నవలలు దొరికినంతవఱకు చదివితిమి. అటువంటివి వ్రాసినవారు మఱి యెవ్వరు?" అని పై తరగతుల విద్యార్థులు అడుగుచుందురు. తెలుగు పుస్తకముల అలమర చిన్నదిగా నుండు సరిహద్దు ప్రాంతమున ఇది స్వల్పమైన ప్రశ్న కాదు. ఇష్టమైనది చేతికి అందని బాలుడు చదువుటయే మానుకొనును. కొంతకాలమునకు తెలుగు అతనికి పరీక్షకు మాత్రమే పనికివచ్చు భాష యగును.

పేర్ల పట్టిక వ్రాసి యిచ్చుట సులభమే. కాని ఆ నవలలలో మీకు నచ్చినది ఏమి? ముందుగా దానిని తేల్చుకొనుడు. కొమ్మూరివారి (1926–1994) డిటెక్టివ్ యుగంధర్, అతని సహాయకుడు రాజు, వీరిరువురి సాహచర్యము కొందరికి ప్రీతి. నేరస్థుని తామే ముందుగా కనిపెట్టవలెనని కొందరికి పట్టుదల. మఱికొందరికి చీకటి, వెంటాడుట, తుపాకి మ్రోత కావలెను. ఈ కడపటివారు మధుబాబుగారి షాడో నవలలు చదివిన సంతోషింతురు. తక్కినవారు అవే చేపట్టిన నిరాశపడుదురు. అట్టమీది బొమ్మలు ఒక్క తీరుగ నున్నను, అది గూఢచారి కథ; ఇది అపరాధ పరిశోధనము.

ఆధారములను కూర్చుకొని ఆలోచించు వేడుక యేమిటో తెలియుటకు మన కుడతిని బూడిద దిబ్బయే చాలును. అది రాక్షసుల చితాభస్మమని జనశ్రుతి. మనుష్యులను దహించిన చోటని కొందరు పరిశోధకులు తలచిరి. రాబర్ట్ బ్రూస్ ఫుట్ (1834–1912) ఇట్టి దిబ్బలు కాలిన పశువుల పేడ యనెను. 1957లో ఆల్చిన్ అను పురాతత్త్వవేత్త పాలమూరు ప్రాంతపు ఉట్నూరులో అటువంటి దిబ్బనే త్రవ్వగా, దొడ్డికి పాతిన గుంజల గుంతలును, పశువుల గిట్టల ముద్రలును బయటపడెను. బూడిద అందరికిని కనబడినదే. గిట్టల గుర్తు చూచినవాడు చిక్కు విప్పెను.

ఈ వేడుకయే కావలెనని, రక్తపాతము మాత్రము వలదనువారికి ఆగథా క్రిస్టీ (1890–1976) తగినది. ఆమె మొదటి నవల 1920లో వెలువడెను. ప్రథమ ప్రపంచ యుద్ధకాలమున ఆసుపత్రి మందుల గదిలో పనిచేసినందున ఆమెకు విషముల సంగతి బాగుగ తెలియును. ఆమె కథలలో కత్తికంటె కాఫీ గిన్నెకే ఎక్కువ భయపడవలెను. ఆమె సృష్టించిన మిస్ మార్పుల్ పెండ్లియాడని వృద్ధురాలు. సెయింట్ మేరీ మీడ్ అను కల్పిత గ్రామమున ఉన్ని అల్లుకొనుచు కూర్చుండును. పట్టణపు పెద్దమనిషి కల్లలాడిన, తన యూరి అంగడివాడో పనిపిల్లయో మునుపు అట్లే చేసిన సంగతి ఆమెకు స్ఫురించును. అంతటితో గుట్టు బయటపడును. ఊరందరి వంశములును నోటికి వచ్చిన అవ్వలు మన అరుగులమీదను లేకపోలేదు! కాబట్టి ఇంగ్లాండు పల్లె మన పిల్లలకు పరాయిగా తోచదు.

ఇట్టి పుస్తకములు చేత బట్టిన పిల్లలను కసరు తలిదండ్రులకు ఒక మాట. సమగ్రాంధ్ర సాహిత్యమును రచించిన ఆరుద్రగారే (1925–1998) 'పలకల వెండిగ్లాసు' వంటి అపరాధ పరిశోధక నవలలు వ్రాసిరి. అంతకుముందే, ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో, వంగభాషనుండి పాంచకడి దేవ్ నవలలు తెలుగులోనికి దిగి పాఠకులను పెంచినవి.

యుగంధర్–రాజుల జంట నచ్చినవారు ఆ వంగభాషవంకకే మరల పోవలెను. సత్యజిత్ రాయ్ 1965లో 'సందేశ్' అను బాలల పత్రికలో ఫెలూదా కథలను ఆరంభించెను. ఫెలూదా వెంట నడచి కథ చెప్పువాడు అతని పినతండ్రి కుమారుడగు తోప్షే, మీ యీడువాడే. పిల్లలకై వ్రాసినవగుటచే ఇంటిల్లిపాదియు చదువవచ్చును. ఆంగ్లానువాదములు కలవు. శరదిందు బందోపాధ్యాయుని బ్యోమకేశ్ బక్షీ (1932) కథలు కొంచెము పెద్దవారికి.

ఇక మనకు మిక్కిలి సమీపమున నున్నవారిని మనమే చూడకుందుము. కన్నడమున ఎన్. నరసింహయ్యగారు 500కు పైగా నవలలు వ్రాసిరి. వారి పత్తేదార పురుషోత్తముడు కన్నడ పాఠకులకు మన యుగంధర్ వంటివాడు. పత్తేదార యనగా అపరాధ పరిశోధకుడే. కన్నడ లిపి మీరు బడిలో నేర్చినదే; తెలుగు లిపికి తోబుట్టువు. పుటకు రెండు మూడు తెలియని పదములు తగిలిన, ప్రక్కింటివారిని అడుగుడు.